దొంగ మన ఊరివాడే

ఉపాధ్యాయ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారు నన్ను కలిసినప్పుడల్లా ఇంచుమించు ఒకే ప్రశ్న వేస్తారు: "పిల్లల చేత కథలు, నాటికలు రాయించడం ఎలాగండీ?" ఇందుకు నా దగ్గర సూత్రమంటూ ఏదీ లేదు. ఒక నాటిక సంగతి మాత్రం ఉంది. పదవీ విరమణకు ముందు నేను పనిచేసిన ఆఖరి పాఠశాలలో అది జరిగింది. ఉన్నదున్నట్టు చెబితే, మీకు పనికివచ్చేది మీరే ఏరుకుంటారని నా నమ్మకం.

మా ఇంట్లో డిగ్రీ వరకు చదివినవారిలో నేనే మొదటిదాన్ని. అమ్మా నాన్నా గూడూరు దగ్గర పొలం పనులు చేసుకుంటూ నన్ను చదివించారు. అందువల్లనేమో, కాగితం మీద అక్షరం పెట్టడమంటే నాకు మొదటి నుంచీ భయభక్తులు ఎక్కువ. తెలుగు ఉపాధ్యాయురాలిగా బంటుమిల్లిలో, ముదినేపల్లిలో, గుడివాడలో పనిచేసి, చివరకు దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలకు బదిలీ మీద వెళ్ళాను.

ఊళ్ళు మారినా ఒక ఆచారం మాత్రం ఎక్కడా మారలేదు. వార్షికోత్సవానికి నాటిక కావాలంటే తెలుగు టీచరు రాయాలి. పిల్లలు బట్టీ పట్టాలి. ప్రధానోపాధ్యాయులు మైకు ముందు నిలబడి "మా పిల్లలు స్వయంగా రాశారు" అని ప్రకటించాలి. ఇవన్నీ సక్రమంగా జరిగితే ఆ ఏటికి సాహిత్యసేవ పూర్తయినట్టే.

ఆ సంవత్సరం బందరులో ఉన్నత పాఠశాలల నాటికల పోటీ పెట్టారు. అపరాధ పరిశోధన నాటిక కావాలన్నారు. రాసేది విద్యార్థే అయి ఉండాలి, రాతప్రతిని ముందుగా పంపాలి, ప్రదర్శన రోజున రాసిన విద్యార్థిని న్యాయనిర్ణేతలు స్వయంగా ప్రశ్నిస్తారు. ఆ ప్రకటన చేతిలో పెట్టి మా ప్రధానోపాధ్యాయులు నాతో తేలిగ్గా అన్నారు.

"మీరు రాసేయండి మేడమ్. ఎవరో ఒక పిల్ల పేరు పెడదాం."

"పిల్లని ప్రశ్నలు అడుగుతామంటున్నారు కదండీ."

"దానిదేముందండీ, జవాబులు కూడా మీరే రాసివ్వండి."

ఆయన చెడ్డవారు కారు. అందరూ నడిచే దారిని చూపించారు, అంతే. నేను మాత్రం ఆ రోజు గట్టిగానే నిశ్చయించుకున్నాను. "ఈసారి పిల్లలే రాస్తారండీ. వాళ్ళు రాయలేకపోతే మనం పోటీకే వెళ్ళొద్దు" అన్నాను. పక్కనే ఉన్న లెక్కల మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, "అయితే బందరు ప్రయాణం తప్పిందన్నమాట. ఎండలో తిరిగే బాధ తగ్గింది" అని నవ్వారు.

తొమ్మిదో తరగతిని ఎంచుకున్నాను. ముందుగా తలా ఒక కథ రాసుకురమ్మన్నాను. తెచ్చారు. ప్రతి కథలోనూ కోటు, టోపీ వేసుకున్న ఒక ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయే మా ఉక్కపోతలో ఆయన ఆ కోటుతో ఎలా బతికాడో ఏ కథా చెప్పలేదు. అంతకంటే ఆశ్చర్యం, అన్ని కథల్లోనూ దొంగ పై ఊరివాడే. ఒక కథలో ఐసు లారీ డ్రైవరు, ఒక కథలో స్టీలు సామాన్లు అమ్మేవాడు, ఇంకొక కథలో ఎక్కడి నుంచి వచ్చాడో కూడా తెలియనివాడు.

"ఏమర్రా, మన ఊళ్ళో దొంగలే లేరా?" అని అడిగాను.

"ఎందుకు లేరండీ, ఉన్నారు. రాస్తే ఊరుకోరు కదండీ" అన్నాడు ముందు బెంచీ కుర్రవాడు.

"మా పక్కింటి పెదనాన్న దొంగ అని రాశాననుకోండి, సాయంత్రానికి మా అమ్మ చీపురుకట్ట తిరగేస్తుందండీ" అన్నాడు వాడి పక్కవాడు.

"పేరు పెట్టవద్దు."

"పేరు పెట్టకపోయినా పోల్చేస్తారండీ. మా ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. బావ కాకపోతే బాబాయి."

తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఇబ్బంది ఎక్కడుందో నాకు అప్పుడే బోధపడింది. దొంగ పై ఊరివాడైతే అతన్ని పట్టి ఇవ్వడంతో పని అయిపోతుంది, మనసులో ఏదీ మిగలదు. అపరాధ పరిశోధన కథకు ప్రాణం 'మనలో ఎవరు?' అన్న ప్రశ్నలో ఉంటుంది. వరసలు కలుపుకుని బతికే ఊళ్ళో పిల్లలు ఆ ప్రశ్న వేయలేకపోతున్నారు.

పాఠం మార్చాను. కథలు పక్కన పెట్టించి, "మీ ఇంట్లో ఎవరైనా అబద్ధం చెబితే మీకు ఎలా తెలుస్తుంది?" అని అడిగాను. ఆ గంటలో తరగతిలో వినిపించినంత సందడి నా ఉద్యోగ జీవితంలో మరెప్పుడూ వినలేదు.

"మా నాన్న దగ్గుతాడండీ."

"మా అక్క ఎవరూ చెప్పకుండానే గిన్నెలు తోమేస్తుందండీ."

"మా తాత దేవుడి మీద ఒట్టేస్తాడండీ. నిజమైతే వెయ్యడు."

అప్పుడు ఒక అమ్మాయి లేచి నిలబడింది. తండ్రి సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు, తల్లి పొద్దున్నే బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళి చేపలు అమ్ముకుని వస్తుంది. తరగతిలో అడిగితే తప్ప మాట్లాడే పిల్ల కాదు.

"మా బాబాయి తప్పు చేస్తే మా నాన్నని 'మీరు' అంటాడండీ."

"మర్యాదిస్తే తప్పు చేసినట్టా?" అని ఎవడో వెనక నుంచి వెక్కిరించాడు.

"రోజూ 'ఏం అన్నాయ్, తిన్నావా' అంటాడండీ. మా నాన్న బండి కరెంటు స్తంభానికి గుద్దేసిన రోజున 'భోంచేశారాండీ' అన్నాడు. మా నాన్న అన్నం ముందు నుంచి లేచి బండి చూసుకోడానికి పరిగెత్తాడు."

ఆ నవ్వు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. తెలుగులో మధ్యమపురుష ఏకవచన బహువచనాలను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. మనిషిని పట్టించే ఆధారం అందులో ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. "ఇదే నీ నాటిక. వెళ్ళి రాయమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి రాసుకొచ్చిన కథ చాలా చిన్నది. సముద్రం మీదికి బయలుదేరే ముందు రాత్రి, ఒక ముసలాయన కొత్త వలను ఎవరో కోసేస్తారు. ఊరంతా పై ఊరివాళ్ళ పనే అంటుంది. ముసలాయన భార్య మాత్రం ఒప్పుకోదు. ఆవిడ చేపలమ్మే మనిషి, మాటకు మాట బేరమాడి అలవాటు. తనే విచారణ మొదలుపెడుతుంది. కోటూ లేదు, టోపీ లేదు, నెత్తిన గంప ఉంది. వల కోసినవాడు ముసలాయన సొంత మేనల్లుడు. పడవ నడిపే పని మావ తనకు కాకుండా వేరొకరికి అప్పగించాడన్న ఉక్రోషంతో కోస్తాడు. మొదటి రంగంలో ఆ మేనల్లుడు ముసలాయనను "మావా, నువ్వు" అంటాడు. వల తెగిన తెల్లవారి నుంచి "అండీ, మీరు" అంటాడు. అత్త ఆ తేడా కనిపెట్టి పట్టుకుంటుంది.

మొదటి ప్రతిలో మేనల్లుడు "అండీ" అన్న మరుక్షణమే అత్త "ఏంటిరా కొత్తగా అండీ అంటున్నావు?" అని నిలదీసింది. దాంతో నాటిక అక్కడే అయిపోయింది. ఆధారాన్ని ప్రేక్షకుడి కళ్ళ ముందే పెట్టాలి కాని, దాని మీద వేలు పెట్టి చూపకూడదని చెప్పాను. ఎలా అని అడగలేదు. మర్నాడు ఆ "అండీ"ని తీసుకెళ్ళి, అత్త ఒకావిడతో రొయ్యల బేరమాడుతున్న మాటల మధ్య ఇరికించింది. చదివి వినిపిస్తే తరగతిలో ఒక్కరూ గమనించలేదు. అందరూ రొయ్యల బేరానికి నవ్వుతున్నారు. తను మాత్రం నా వంక చూసింది.

ఆ ప్రతి మీద నేను ఎర్ర సిరా వాడలేదు. ఒక్క వాక్యం దిద్దలేదు. అర్థం కానిచోట పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టేదాన్ని, తను మళ్ళీ రాసేది. చూడటానికి ఇది తేలికగా కనిపిస్తుంది. ప్రయత్నించి చూడండి. పిల్ల వాక్యం కుంటుతుంటే దాన్ని చేయిపట్టి నడిపించకుండా కూర్చోవడం నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. లెక్కల మాస్టారు ఒకరోజు ప్రతి తిరగేసి, "బాగుంది మేడమ్. ఇంత బాగుంటే పిల్ల రాసిందంటే ఎవరు నమ్ముతారండీ? కాసిని తప్పులు మీరే పెట్టండి" అన్నారు. హాస్యానికే అన్నారు. కానీ ఆ మాటే నిజమైంది. రిహార్సళ్ళు మొదలయ్యేసరికి ఊళ్ళో నాటిక టీచరమ్మ రాసిందేనన్న మాట స్థిరపడిపోయింది. ఆ అమ్మాయి ఇంట్లో వాళ్ళు సైతం "టీచర్ గారు రాసిన నాటకంలో మా పిల్ల వేషం వేస్తోంది" అని చెప్పుకున్నారట.

ఒక సాయంత్రం రిహార్సలు అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది.

"ప్రైజు రాకపోయినా పర్లేదండీ. నేనే రాశానని వాళ్ళు ఒప్పుకోవాలండీ. బందరులో ఒప్పుకుంటే ఇక్కడ ఎవరూ కాదనరు."

నేను ధైర్యం చెప్పలేదు. "అడిగినదానికి నీకు తెలిసిన జవాబు చెప్పు" అని మాత్రం అన్నాను.

పోటీ రోజున పులిగడ్డ వంతెన దాటేదాకా పిల్లలు బస్సులో పాటలు పాడారు. చల్లపల్లి వచ్చేసరికి ఎవరి మాటలు వారు వల్లె వేసుకోవడం మొదలుపెట్టారు. బందరులో హాలు చూసి మేనల్లుడి వేషం వేసే కుర్రవాడు "ఇంత పెద్దదాండీ!" అన్నాడు.

పేర్లు నమోదు చేసేచోట ప్రధాన న్యాయనిర్ణేత కూర్చుని ఉన్నారు. రంగస్థలం మీద తల పండిన మనిషి. మా ప్రతిని ముందే చదివినట్టున్నారు, కళ్ళజోడు పైకెత్తి ఆ అమ్మాయిని చూశారు.

"ఇది నువ్వే రాశావా అమ్మా?"

"నేనేనండీ."

"పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళందరూ అదే అంటున్నారు. రొయ్యల బేరం మధ్యలో ఆధారం దాచాలని నీకు తోచిందా, ఎవరైనా చెప్పారా?"

"నాకే తోచిందండీ."

ఆయన నన్నొకసారి చూసి నవ్వారు. ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు. "సరే, చూద్దాం. నాటిక అయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు. ఉపాధ్యాయులు వేదిక దరిదాపుల్లో ఉండకూడదని నియమం. నేనూ ప్రధానోపాధ్యాయులూ వెళ్ళి చిట్టచివరి వరుసలో కూర్చున్నాం.

తెర వెనక జరిగింది నాకు తరువాత తెలిసింది. నిర్వాహకుల్లో ఒక పెద్దాయన పిల్లలందరినీ దగ్గరకు పిలిచి, "ముందు వరుసలో పెద్దలు కూర్చున్నారు నాయనా. వేదిక మీద పెద్దవాళ్ళని నువ్వూ గివ్వూ అనకూడదు. గారు, అండీ అని మర్యాదగా మాట్లాడండి" అని హితవు చెప్పారు. మన వైపు పెద్దలు చెప్పే మాటే అది. మా మేనల్లుడి వేషం కుర్రవాడు బుద్ధిమంతుడు. విన్నాడు.

తెర లేచింది. ముసలాయన మంచం మీద కూర్చుని వల చూసుకుంటున్నాడు. మేనల్లుడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, "మావయ్య గారూ, మీరు భోంచేశారాండీ?" అన్నాడు.

అక్కడ ఉండవలసిన మాట "మావా, తిన్నావా?" వల ఇంకా తెగనేలేదు. వాడు మొదటి రంగంలోనే గారు అన్నాక, రేపు అండీ అంటే ఎవరికేం తెలుస్తుంది? నాటిక మొత్తం నిలబడి ఉన్నది ఆ ఒక్క మార్పు మీద. వాడు ప్రతి మాటకూ ఒక గారు, ఒక అండీ చేర్చుకుంటూ పోతున్నాడు. పక్కన మా ప్రధానోపాధ్యాయులు సంతోషంగా నా వైపు వంగి, "కుర్రాడు ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడండీ!" అన్నారు.

అత్త వేషం వేసింది నాటిక రాసిన అమ్మాయే. గంప దించుతూ ఒక్క క్షణం ఆగింది. విన్నదని నాకు అర్థమైంది. అక్కడ వాడిని ఆపితే నాటిక మొదట్లోనే చచ్చిపోతుంది. ఏమీ ఎరగనట్టు సాగించింది. రొయ్యల బేరానికి హాలంతా నవ్వింది. నేను తప్ప. ఆఖరి రంగం వస్తోంది. ఏ తేడాను పట్టుకుని వాడిని నిలదీస్తుంది? రాసుకున్న మాటలే చెప్పేస్తే, 'రాసిచ్చినదాన్ని అప్పజెప్పింది' అని ఆ పెద్దమనిషి కళ్ళజోడు మడిచి పెట్టుకుంటారు.

ఆఖరి రంగంలో మేనల్లుడు మావను ఓదారుస్తాడు. "బాధపడకండి మావయ్య గారూ, పై ఊరివాళ్ళ పనేనండీ" అని గుమ్మం వైపు తిరిగాడు. అత్త అక్కడ వాడిని ఆపి "ఒరేయ్, ఇలా రా" అనాలి. అనలేదు. చేతిలో ఉన్న చెంబు ధడాలున కింద పడేసి అరిచింది.

"ఒరేయ్! మీ మావకేదో అయిందిరా!"

ముసలాయన వేషం వేసిన కుర్రవాడు, తనకేమీ కాలేదని చెప్పబోతున్నవాడిలా తలెత్తాడు. అమ్మాయి వాడి భుజం పట్టుకుని మంచం మీదికి ఒక్క నొక్కు నొక్కింది. వాడు అర్థం కాక కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. నిజంగానే ఏదో జరిగిందనుకుని మేనల్లుడు వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ముందు వరుసలో పెద్దలున్నారని మరిచిపోయాడు.

"మావా! మావా, ఏమైందే నీకు!"

అమ్మాయి నిదానంగా లేచి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"అదీ! ఇప్పుడొచ్చింది నోటికి మావా అని. నిన్నట్నుంచీ ఏంటిరా ఈ గార్లు, ఈ అండీలు? ఎత్తుకు పెంచినవాడు నీకు గారెప్పుడయ్యాడు? వల కోసిన చేతిని దాచావు కానీ, మావా అని పిలవడానికి నోరు రాలేదు కదరా నీకు!"

కుర్రవాడు నిలువునా వణికాడు. అది నటనో, నిజంగా దొరికిపోయానన్న భయమో నేనిప్పటికీ చెప్పలేను. వాడికి తను బట్టీ పట్టిన ఆఖరి మాటలు మాత్రం గుర్తొచ్చాయి. నేల మీద కూలబడి చెప్పేశాడు. తెర పడింది. చప్పట్లు మా వరుస దాకా వచ్చేసరికి నా కళ్ళజోడు తడిసిపోయి ఏమీ కనిపించలేదు.

తరువాత ఆ అమ్మాయిని వేదిక మీదికి పిలిచారు. ప్రధాన న్యాయనిర్ణేత చేతిలో మేము పంపిన ప్రతి ఉంది.

"ఇందులో లేని ముగింపు ఆడారు. ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ. వాడు మొదట్నుంచీ గారు అంటున్నాడండీ. ఇంక నా ఆధారం ఏమైపోవాలి?"

హాలు నవ్వింది. ఆయన నవ్వలేదు.

"మీ టీచరు గారు సైగ చేశారా?"

"ఆవిడ ఆ చివర కూర్చున్నారండీ. అక్కణ్ణుంచి చేస్తే నాకేం కనపడుద్దండీ?"

"సరే. నువ్వు అరిచినప్పుడు ఆ కుర్రాడు 'మావయ్య గారూ' అంటూనే వచ్చి ఉంటే ఏం చేసేదానివి?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"అనడండీ. ఇంట్లోవాళ్ళకి ఏదన్నా అయితే ఎవరూ గారు అని అరవరు."

ఆయన ప్రతిని మడిచి బల్ల మీద పెట్టారు. మైకు తీసుకుని, రాతప్రతికీ ప్రదర్శనకూ తేడా ఉంటే నియమం ప్రకారం బహుమతికి పరిశీలించడం వీలుకాదని చెప్పారు. మా ప్రధానోపాధ్యాయులు కుర్చీలో నుంచి సగం లేచారు. ఆయన ఇంకా ముగించలేదు. "ఈ నాటిక రాసింది ఈ అమ్మాయే. ఇందులో మాకెవరికీ అనుమానం లేదు. ఉదయం నేను అడిగిన తీరుకు మన్నించమని ఆమెను కోరుతున్నాను" అన్నారు.

తిరుగు ప్రయాణంలో మా ప్రధానోపాధ్యాయులు చల్లపల్లి దాకా ఆ నియమాన్ని విమర్శిస్తూనే ఉన్నారు. చివరకు నా వైపు తిరిగి, "పోనీ లెండి. వచ్చే ఏడు కూడా పిల్లల చేతే రాయించండి" అన్నారు. మేనల్లుడు మాత్రం ముసలాయన వేషం వేసినవాడి పక్కన ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. "ఏం మావయ్య గారూ, మీకు కిటికీ పక్కన కావాలాండీ?" అని ఆ ముసలాయన వేషగాడు వేళాకోళమాడితే అందరూ పడీపడీ నవ్వారు.

ఆ అమ్మాయికి నేనేమీ నేర్పలేదని చెబితే అది వట్టి వినయం అవుతుంది. నేర్పాను. ఆధారం దాచడం నేర్పాను, అక్కరలేని మాట కొట్టేయడం నేర్పాను. కానీ రాత తనదైనప్పుడు మాత్రమే, అది విరిగిపోయిన క్షణాన మళ్ళీ అతికించుకోవడం పిల్లకు వస్తుంది. నేను రాసిచ్చి ఉంటే ఆ రోజు ఆ వేదిక మీద తను నిలబడి నా కోసం వెతుక్కునేది. యువ మిత్రులు ఇది గుర్తుంచుకుంటే చాలు.

మా ఊరి సెంటరులో బస్సు దిగేసరికి సాయంకాలమైంది. టీ కొట్టాయన మమ్మల్ని చూడగానే గ్లాసులు కడగడం ఆపి కేకేశాడు.

"ఏమండీ టీచర్ గారూ! మీ నాటకానికి ప్రైజొచ్చిందా?"

నేను నోరు తెరిచేలోగా ఆ అమ్మాయి నన్ను దాటి ముందుకు వెళ్ళింది.

"టీచర్ గారిది కాదు బాబాయ్, నాది. ప్రైజు రాలేదు."